సర్వర్‌లో 640 మంది ఉన్నారు, మాట్లాడేవాళ్లే లేరు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది విశాఖపట్నం. వయసు 24. ప్రైవేటు ఉద్యోగం. రెండేళ్ల కిందట తెలుగు గేమర్ల కోసం డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో ఒక సర్వర్, అంటే ఒక గ్రూపు, పెట్టాను. ఇప్పుడు 640 మంది ఉన్నారు. రోజూ మాట్లాడేది మాత్రం పది పదిహేను మందే. మిగతావాళ్లు చేరిన రోజు ‘హాయ్’ అని పెట్టి మళ్లీ కనిపించరు. రీల్స్ చేశాం, టోర్నమెంట్లు పెట్టాం. నాలుగు రోజులు హడావిడి, తర్వాత మామూలే. అందుకే మా సర్వర్ పేరు జనంలోకి వెళ్లేలా మేమే ఒక గేమ్ తయారు చేద్దామనుకుంటున్నాం. నాకు కోడింగ్ కొంత వచ్చు. ఒక ఫ్రెండ్ బొమ్మలు బాగా వేస్తుంది. ఆర్కే బీచ్, కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి అన్నీ ఉండే ఓపెన్ వరల్డ్ (ఆడేవాడు ఎటైనా తిరగగలిగే) 3డీ గేమ్ చేసి, హోర్డింగుల మీద మా లోగో పెట్టాలని ప్లాన్. నా దగ్గర 50 వేలు ఉన్నాయి. తలా 50 రూపాయలు ఎంట్రీ ఫీజు పెట్టి ప్రైజ్ మనీ ఇస్తే జనం ఎగబడతారని ఒకడు అంటున్నాడు. మా అమ్మేమో ‘ఈ ఆటల పిచ్చి ఎప్పుడు వదులుతుందిరా’ అంటోంది. ఏం చేయమంటావు?
— విశాఖ నుంచి ఒక పాఠకుడు

జవాబు:

తమ్ముడూ, ఆట తయారు చేయాలన్న ఆలోచన మంచిది, చెయ్యి. ఓపెన్ వరల్డ్ మాత్రం ఇప్పుడు వద్దు. ఎంట్రీ ఫీజు అసలే వద్దు. ఈ రెండూ ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

టోర్నమెంట్ పెట్టినప్పుడు నాలుగు రోజులు హడావిడి, తర్వాత మామూలే అని రాశావు కదా, అసలు సమస్య అక్కడే ఉంది. టోర్నమెంట్‌లో ఆడేది ఏ ముప్పై నలభై మందో. మొదటి రౌండ్‌లో ఓడినవాడికి ఆ రాత్రితోనే పని అయిపోతుంది. మిగతా ఆరొందల మందికి మొదటి నుంచీ పని లేదు. రేపు మళ్లీ సర్వర్ తెరవాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు. పెద్ద 3డీ గేమ్ చేసినా ఇదే జరుగుతుంది. ఇద్దరు ముగ్గురు మనుషులతో, ఉద్యోగం చేసుకుంటూ అలాంటిది పూర్తి చేయడమే కష్టం. ఒకవేళ పూర్తి చేశావే అనుకుందాం. డౌన్‌లోడ్ చేసుకున్నవాడు బీచ్ రోడ్డు మీద కాసేపు బండి నడుపుతాడు, హోర్డింగ్ మీద మీ లోగో చూస్తాడు, ఫోన్ పక్కన పెట్టేస్తాడు. ఆ ఆట ఆడటానికి వాడికి నీ సర్వర్‌తో పనేముంది?

కాబట్టి సర్వర్‌లోకి వస్తేనే ఆడగలిగే ఆట కావాలి. పదిమంది కలిసి తేల్చుకుంటే తప్ప ముందుకు సాగని ఆట. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. 1999లో మైక్రోసాఫ్ట్ తన ఆన్‌లైన్ ఆటల వేదిక ఎంఎస్‌ఎన్ గేమింగ్ జోన్ కోసం సరిగ్గా ఇలాంటి పనే చేసింది. అప్పటి ప్రపంచ చదరంగం చాంపియన్ గ్యారీ కాస్పరోవ్ ఒకవైపు, ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా సరే ఇంకోవైపు. జనం ఓట్లు వేస్తారు, ఎక్కువ ఓట్లు పడినదే ‘ప్రపంచం’ వేసే ఎత్తు. జూన్ 21న మొదలైన ఆ ఒక్క ఆట నాలుగు నెలలు సాగింది. 75కు పైగా దేశాల నుంచి 50 వేల మందికి పైగా పాల్గొన్నారు. 62 ఎత్తుల తర్వాత కాస్పరోవే గెలిచాడు.

ఆ ఆటలో నీకు పనికొచ్చే విషయం ఆ అంకెల్లో లేదు. జనానికి సలహాలివ్వడానికి నలుగురు టీనేజ్ ఆటగాళ్లను పెట్టారు. అందులో ఇరీనా క్రష్ అనే అమెరికా అమ్మాయికి అప్పుడు పదిహేనేళ్లు. నల్లపావులతో ఆడుతున్న ‘ప్రపంచం’ తరఫున పదో ఎత్తుకు ఎవరూ ఊహించని ఎత్తు ఒకటి ఆమె సూచించింది. జనం దానికే ఓటేశారు, ఆట ఒక్కసారిగా చిక్కబడింది. అక్కడి నుంచి ముక్కూమొహం తెలియని వాళ్లంతా చర్చా వేదికలో కూర్చుని ‘ఇలా వేస్తే అతను అలా వేస్తాడు, అప్పుడు మనమేం చేయాలి’ అని రోజుల తరబడి లెక్కలు వేశారు. ఆమె ఆ విశ్లేషణలన్నీ కూర్చి జనం ముందు పెట్టింది. మనం ఓడిపోయేలా ఉన్నామని తెలిశాక కూడా చాలామంది వదిలిపెట్టలేదు. ఈరోజు తన ఓటు ఎటు పడాలన్న ప్రశ్న రోజూ వాళ్ల ముందుకు వచ్చేది మరి. చివర్లో దొంగ ఓట్ల గొడవ కూడా వచ్చింది. ఒక అకౌంట్‌కు ఒకే ఓటు అన్న నియమం నువ్వు మొదటి రోజు నుంచే గట్టిగా పాటించాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఈ పద్ధతికి సరిపోయే ఆట మన అరుగుల మీదే ఉంది. పులి-మేక. మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే చోట్లు ఇరవై మూడు. మేకల వైపు ఆడేవాళ్లు ఒక్కో మేకను పట్టం మీద, అంటే గీసిన ఆ గీతల మీద, పెట్టుకుంటూ పోతారు. పక్కనున్న మేక మీదుగా వెనక ఖాళీలోకి దూకి పులి దాన్ని చంపుతుంది. కదలడానికి దారి లేకుండా పులులన్నింటినీ కట్టేస్తే మేకలు గెలిచినట్టు. ఒక్క పులి ముందు ఒక్క మేక ఎందుకూ పనికిరాదు. మేకలన్నీ ఒకదాని వెనక ఒకటి సర్దుకుంటేనే బతుకుతాయి. సర్వర్ మొత్తాన్నీ మేకల వైపు పెట్టు. పులుల వైపు ఒక్కడే ఆడాలి. వారానికో, ఆటకో ఆ ఒక్కడు మారుతుంటాడు. రోజుకు ఒక్క ఎత్తు.

దీనికి మొదట్లో కోడ్ ఒక్క లైను కూడా అక్కర్లేదు. ఒక చార్టు మీద పట్టం గీయించు. ఇరవై మూడు చోట్లకూ అంకెలు వేయించు. పులులకు మూడు సీసా మూతలు, మేకలకు చింతగింజలు పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి పెట్టు. పగలంతా ఎవరైనా తమ ఎత్తు చెప్పొచ్చు, కానీ కారణం రాయాలి. ‘14లో పెడదాం’ అంటే లెక్కలోకి తీసుకోవద్దు. ‘14లో పెడితే 9లో ఉన్న మేకకు వెనక అండ దొరుకుతుంది, పులి దూకలేదు’ అంటేనే తీసుకో. సాయంత్రానికి అందులోంచి మంచివి నాలుగైదు ఏరి డిస్కార్డ్‌లోనే ఉన్న పోల్ (ఓటింగ్) పెట్టు. పోల్‌లో పది ఆప్షన్లకు మించి పెట్టనివ్వదు కాబట్టి ఈ ఏరివేత ఎలాగూ తప్పదు. అదే మేలు కూడా, ఎందుకంటే అసలు వాదన జరిగేది అక్కడే. పోల్ ముగిసే టైమ్ రోజూ ఒకటే ఉండాలి. రాత్రి పది అనుకో. ఇక్కడ పడుకోబోయే ముందు ఒకడు ఓటేస్తాడు, డల్లాస్‌లో ఉన్న మనవాడు పొద్దున్నే ఆఫీసులో కూర్చుని ఓటేస్తాడు. ఒకే టైమ్‌కి అందరూ ఆన్‌లైన్‌లో ఉండాల్సిన టోర్నమెంట్లలో వాళ్లకు ఎప్పుడూ చోటు దొరకదు. ఇందులో దొరుకుతుంది.

ఇంకో మాట. ఈ ఆటకు లెక్కలు ఊరూరికీ మారతాయి. ఎన్ని మేకలు చచ్చాక పులి గెలిచినట్టు, మేకలన్నీ పెట్టకముందే కదపొచ్చా, ఒకే ఊపులో పులి రెండు దూకొచ్చా అన్నవి అన్ని చోట్లా ఒకేలా ఉండవు. మొదటి వారం ఆట మొదలుపెట్టకు. ‘మీ ఊళ్లో ఎలా ఆడేవాళ్లు? ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయండి’ అని ఒక్క ప్రశ్న పెట్టు. వాయిస్ మెసేజ్ పెట్టినా సరే అను. ఎప్పుడూ నోరు విప్పనివాడు కూడా తాతనో, మేనత్తనో అడిగి నాలుగు లైన్లు రాస్తాడు. వాటిలోంచి మీ సర్వర్ నియమాలు ఏవో ఓటు వేసి తేల్చుకోండి. పలానా నియమం పలానా వాడి ఊరి నుంచి వచ్చిందని ఆటలోనే వాడి పేరు రాయండి. ఆ పేరు చూసుకోవడానికైనా వాడు మళ్లీ వస్తాడు, ఇంకో ముగ్గురికి చూపిస్తాడు.

ఇలా రెండు మూడు ఆటలు పూర్తయ్యాక కోడ్ గురించి ఆలోచించు. ఓట్లు లెక్కపెట్టి పట్టం బొమ్మ తయారు చేసి సర్వర్‌లో తనంతట తానే పెట్టే చిన్న ప్రోగ్రామ్, అంటే బాట్, మొదటి మెట్టు. నీకున్న కోడింగ్‌కు అది చేతనయ్యే పనే. తర్వాత ఇద్దరు ఆడుకునే వెబ్ గేమ్. దానికి గోడో (Godot) అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్ వాడు. పూర్తిగా ఉచితం, నీ ఆట మీద ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. బ్రౌజర్‌లోనే ఆడేలా చేసి, చిన్న ఆటలు పెట్టుకునే వెబ్‌సైట్ ఇచ్.ఐఓ (itch.io)లో పెడితే లింక్ నొక్కగానే ఆట తెరుచుకుంటుంది. ముందు యాప్ ఇన్‌స్టాల్ చేసుకోమంటే కొత్తవాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోతారు.

తెలుగు అక్షరాల దగ్గర మాత్రం జాగ్రత్త. గోడో పాత 3వ వెర్షన్లలో ఒత్తులు సరిగ్గా కూర్చోవు. 2023లో వచ్చిన 4వ వెర్షన్ నుంచి భారతీయ లిపులను కూర్చే పద్ధతి అందులోనే ఉంది. అందుకే పాత ట్యుటోరియల్ చూసి పాత వెర్షన్ దించుకోకు. నోటో శాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి. ఏది ఎంచుకున్నా మెనూలో మొదట ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘స్వాతంత్ర్యం’ అని రాసి, ఓ చవక ఫోన్‌లో తెరిచి చూడు. ఒత్తు విడిపోయిందా, కింది వరుసకు తగిలి తెగిపోయిందా అన్నది అక్కడే తెలిసిపోతుంది. తెలుగు గేమర్ల కోసం చేసిన ఆటలో తెలుగే ముక్కలైతే చూసేవాడికి మనసు విరిగిపోతుంది. ఈ ఒక్క విషయంలో రాజీ పడకు.

బయటివాళ్లు రావాలంటే ఏం చేయాలో వర్డిల్ చూసి నేర్చుకోవచ్చు. జాష్ వార్డిల్ ఒక్కడే చేసిన ఆ చిన్న మాటల ఆటను 2021 నవంబర్ 1న ఆడినవాళ్లు 90 మంది. 2022 జనవరి 2 నాటికి మూడు లక్షలు. మధ్యలో డిసెంబర్‌లో అతను ఒక చిన్న సదుపాయం చేర్చాడు. ఆడిన ఫలితాన్ని ఆకుపచ్చ, పసుపు గళ్లుగా ఎవరికైనా పంపుకోవచ్చు. జవాబు బయటపడదు, కానీ చూసినవాడికి ‘ఇదేంటి’ అనిపిస్తుంది. మీ ఆటలో కూడా రోజూ ఒక బొమ్మ బయటికి వెళ్లాలి. ఆనాటి పట్టం, కింద ‘మేకల వంతు. నువ్వైతే ఎక్కడ పెడతావ్?’ అన్న ఒక్క లైను, ఒక లింక్. అంతే. మీ లోగో మూలన చిన్నగా ఉంటే చాలు. వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో పడితే బాబాయిలు కూడా జవాబు చెప్పాలి. చదరంగం తెలియనివాళ్లకూ ఈ పట్టం తెలుసు. మీ ఆర్టిస్టు చేయి అవసరమయ్యేది ఇక్కడే. పులికి, మేకకు ఒక మొహం, ఒక కోపం, ఒక భయం గీయించు. మేక చచ్చిన రోజు బొమ్మ వేరేగా ఉండాలి. నీ ఆర్కే బీచ్ కోరిక కూడా ఇక్కడ తీర్చుకోవచ్చు. సబ్‌మెరైన్ ముందు ఇసుకలో గీసిన పట్టం, వెనక సముద్రం, అలల చప్పుడు. ఒక్క బొమ్మతో పని అయిపోతుంది, మొత్తం రోడ్డంతా 3డీలో కట్టక్కర్లేదు.

ప్లే స్టోర్‌లోకి వెళ్లాలనుకుంటే ఒక నిబంధన నీకు కలిసొస్తుంది. కొత్తగా వ్యక్తిగత డెవలపర్ ఖాతా తీసుకున్నవాళ్లు యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది టెస్టర్లతో వరుసగా 14 రోజులు పరీక్షించాలి. ఒంటరిగా యాప్ చేసేవాళ్లు ఈ 12 మందిని పోగేయలేక నానా తిప్పలు పడతారు. నీకు రోజూ వచ్చేవాళ్లే పది పదిహేను మంది ఉన్నారు. వాళ్లనే అడుగు. ఊరికే ఇన్‌స్టాల్ చేయించకు, తలా ఒక పని ఇవ్వు. ఒకరు పాత ఫోన్‌లో చూడాలి, ఒకరు నెట్ పోయినప్పుడు ఏమవుతుందో చూడాలి, ఒకరు తెలుగు తప్పులు పట్టాలి. విడుదలయ్యాక వాళ్ల పేర్లు ఆటలో ఉండాలి, నీ పేరు ఉన్నంత పెద్ద అక్షరాల్లోనే.

ఇక ఇన్ని మాటల్లోకీ నాకు ముఖ్యమైంది చెబుతాను. ఆట బాగుంటే జనం వస్తారు. వచ్చిన మొదటి పది నిమిషాల్లో వాళ్లు ఏం చూస్తారు? తెలుగు గేమింగ్ వాయిస్ చాట్లలో బూతు లేకుండా వాక్యం పూర్తికాని చోట్లు ఎన్ని ఉన్నాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక అమ్మాయి మైక్ ఆన్ చేయగానే ‘గర్ల్ ఆ?’ అని నలుగురు మీద పడతారు. ఆమె మళ్లీ మైక్ ఆన్ చేయదు. తర్వాత మనమే ‘మన దగ్గర అమ్మాయిలు ఆడరు’ అనుకుంటాం. నీ 640 మందిలో మాట్లాడని ఆరొందల మందిలో ఎంతమంది ఇలా మూగబోయారో ఒకసారి ఆలోచించు. ఆట బయటికి వదిలే ముందే ఇది సరిచేయి. రాత్రి పూట వాయిస్ చాట్‌లో ఒక మోడరేటర్, అంటే మాటలు హద్దు దాటకుండా చూసే మనిషి, తప్పకుండా ఉండాలి. మోడరేటర్లలో ఆడవాళ్లు ఉండాలి, వాళ్ల మాట చెల్లాలి. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి బయటికి, వాడు ఎంత బాగా ఆడేవాడైనా, నీ చిన్ననాటి స్నేహితుడైనా. డిస్కార్డ్‌కు కనీస వయసు 13 అన్నది గుర్తుంచుకో. అంటే పిల్లలు కూడా వింటుంటారు. కొత్తగా వచ్చినవాడికి ఇరవై ముప్పై చానెళ్లు చూపించకు. ఆనాటి పట్టం, పరిచయం, కబుర్లు, ఈ మూడు చాలు. ‘హాయ్’ అన్నవాడికి ఎవరో ఒకరు పేరు పెట్టి జవాబివ్వాలి, ‘ఈరోజు మేక ఎక్కడ పెడదాం చెప్పు’ అని అడగాలి.

ఎంట్రీ ఫీజు సంగతి. 2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది. డబ్బు కట్టి, తిరిగి డబ్బు గెలుస్తామన్న ఆశతో ఆడే ఆన్‌లైన్ ఆటలను అది నిషేధించింది. నైపుణ్యంతో గెలిచేదా, అదృష్టంతో గెలిచేదా అన్న తేడా కూడా చూడదు. అలాంటి ఆట నడిపినవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ప్రచారం చేసినవాళ్లకు కూడా రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఈ-స్పోర్ట్స్‌కు, అంటే వీడియో గేముల పోటీలకు, ఆ చట్టం దారి ఇచ్చిన మాట నిజమే, కానీ దానికి గుర్తింపు, రిజిస్ట్రేషన్ కావాలి. మీ సర్వర్ లాంటి చోట తలా 50 వసూలు చేసి గెలిచినవాడికి ఇవ్వడం ఆ కిందికి రాదు. అంతకుముందే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో పందెపు ఆటల మీద తమ చట్టాలు బిగించాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆన్‌లైన్ రమ్మీలో అప్పుల పాలైన ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. యాభై రూపాయలే కదా అని మొదలయ్యే ఆ దారిలోకి నీ సర్వర్ కుర్రాళ్లను నువ్వు తీసుకెళ్లొద్దు. కాయిన్లు కొనుక్కోవడం, వాటిని తర్వాత డబ్బుగా మార్చుకోవడం లాంటివి కూడా వద్దు. బహుమతి ఇవ్వాలనిపిస్తే ఎవరి దగ్గరా పైసా తీసుకోకుండా, మీ ఆర్టిస్టు వేసిన పులి బొమ్మతో ఒక టీ షర్టు ఇవ్వు.

50 వేలు మొత్తం ఖర్చు చేయకు. ప్లే స్టోర్ ఖాతాకు ఒక్కసారి కట్టే 25 డాలర్లు, అంటే రెండు వేల పైచిలుకు. బాట్ నడవడానికి ఇంటర్నెట్‌లో ఒక చిన్న కంప్యూటర్ అద్దె. ఆ తర్వాత మొదటి ఖర్చు మీ ఆర్టిస్టుకు ఇచ్చే డబ్బు. ఫ్రెండే కదా అని ఊరికే వేయించుకోకు. ఎంతిస్తావో, ఆ బొమ్మల మీద హక్కు ఎవరిదో ముందే రాసుకోండి. చిన్న టీములు విడిపోయేది చాలావరకు ఈ మాట మాట్లాడుకోకపోవడం వల్లే. ఇన్‌ఫ్లుయెన్సర్లకు ఇవ్వడానికి ఇందులోంచి ఒక్క రూపాయి కూడా తీయకు. ఉద్యోగం మానేయకు. రోజుకు ఒక గంట, ఆదివారం ఒక పూట చాలు ఈ పనికి.

ఫలితం చూసుకునేటప్పుడు సభ్యుల సంఖ్య చూడకు. ఈ వారం ఎంతమంది ఓటేశారు, గత వారం ఓటేసినవాళ్లలో ఎంతమంది మళ్లీ వేశారు అన్నవే చూడు. పది పదిహేను మంది కాస్తా నలభై అయితే అది పెద్ద మార్పు. త్వరగా రాకపోతే నిరాశపడకు. ముగ్గురు కలిసి చేసిన అమాంగ్ అస్ అనే ఆట 2018లో వచ్చింది. జనం దాన్ని పట్టించుకున్నది 2020లో. ఆ రెండేళ్లూ వాళ్లు దాన్ని సరిచేస్తూనే ఉన్నారు.

అమ్మ విషయానికి వస్తే, నువ్వు రాత్రంతా ఫోన్ పట్టుకుని ఏం చేస్తున్నావో ఆమెకు కనిపించదు. అందుకే పిచ్చి అంటోంది. నియమాలు పోగుచేసే మొదటి వారంలో మొట్టమొదట ఆమెనే అడుగు. చిన్నప్పుడు పులి-మేక ఆడిందేమో, ఎవరితో ఆడిందో, వాళ్ల ఊళ్లో లెక్క ఏమిటో చెప్పించు. చార్టు మీద పట్టం ఆమె చేతే గీయించు, ఆ ఫొటోనే మొదటి రోజు సర్వర్‌లో పెట్టు. నిద్ర పాడు చేసుకుంటున్నావని కూడా ఆమె అంటోంటే అది మాత్రం విను. పోల్ రాత్రి పదికి ముగిస్తే పదిన్నరకు ఫోన్ పక్కన పెట్టొచ్చు.

ఈ ఆదివారం ఆ ఒక్క ప్రశ్న సర్వర్‌లో పెట్టు: మీ ఊళ్లో పులి-మేక ఎలా ఆడేవాళ్లు? వచ్చిన జవాబుల్లో వింతగా అనిపించినవి ఉంటే నాకూ పంపు.